రాగిరేకు చెప్పని వేగం

తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారం నుంచి 1922లో వెలుగులోకి వచ్చిన తాళ్లపాక రాగిరేకుల మీద సంకీర్తనకు పైన రాగం పేరు చెక్కి ఉంటుంది గాని, దానిని ఏ తాళంలో, ఎంత వేగంతో పాడాలో సాధారణంగా ఉండదు. స్వరలిపి అసలే లేదు. అన్నమాచార్యులు (1408-1503) రచించిన సంకీర్తనలు 32,000 అని ఆయన మనుమడు చిన్నన్న తన గ్రంథంలో చెప్పగా, రేకుల మీద దొరికినవి 12,000కు పైగా ఉన్నాయి. వాటిలో నేడు కచేరీల్లోనూ ఇళ్లలోనూ వినిపించే పాటలకు వరుసలు చాలావరకు గత నూరేళ్లలోని విద్వాంసులు కట్టినవే కాబట్టి, వేగాన్ని నిర్ణయించినవారు కూడా వారే, వారి తరువాత ఆ పాటలను పాడి రికార్డు చేసినవారే. అందుచేత అన్నమయ్య పాటకు ఒక రికార్డింగును ఎంచుకోవడమంటే ఆ పదాలకు పుట్టిన పలు వ్యాఖ్యానాలలో ఒకదాన్ని ఎంచుకోవడమే అవుతుంది. ఆ వ్యాఖ్యానంలో అన్నిటికంటె ముందుగా చెవికి తాకేదీ, రాగం గురించీ గాత్రం గురించీ జరిగే చర్చల్లో అన్నిటికంటె తక్కువగా పట్టించుకునేదీ వేగమే.

కర్ణాటక సంగీతంలో ఈ వేగాన్ని కాలప్రమాణం అంటారు. తాళంలో ఒక క్రియకూ, అంటే ఒక దెబ్బ లేదా ఒక వేలి లెక్కకూ, తరువాతి క్రియకూ నడుమ ఉండే వ్యవధి పాట ఎత్తుకున్నప్పుడు ఎంత ఉన్నదో ముగిసేవరకు అంతే నిలవాలన్నది దాని మొదటి ధర్మం. విలంబం, మధ్యమం, ద్రుతం అని శాస్త్రం మూడు కాలాలను చెబుతుంది; మరీ నెమ్మదైన నడకకు చౌకకాలమని వాడుక. వీటిలో దేనికీ అంకె లేదు. విద్యార్థి గురువు ఎదుట కూర్చుని, ఆయన తొడమీద వేసే తాళాన్ని చూస్తూ, ఈ కృతికి ఇది తగిన నడక అని ఒంటబట్టించుకుంటాడు. ఆ నడక ఒక తరం నుంచి మరొక తరానికి కొద్దికొద్దిగా మారుతూ వస్తుంది. అయితే త్యాగరాజ కృతికి శిష్యపరంపర మోసుకువచ్చిన నడక ఒకటి ఉంది. అన్నమయ్య పదానికి అలాంటి ఎడతెగని పరంపర లేదు. ఆ లోటే ఇక్కడి గాయకునికి స్వేచ్ఛనూ, దానితోపాటు బాధ్యతనూ ఇచ్చింది.

రాగిరేకుల్లా మౌనంగా ఉండక వేగాన్ని అంకెల్లోనే రాసిపెట్టిన చోట ఏమి జరిగిందో గమనించడం ఇక్కడ ఉపకరిస్తుంది. యూరపు సంగీతంలో రచయిత ప్రతి వాద్యానికీ స్వరాలు రాసి ఇస్తాడు. పెద్ద వాద్యబృందానికి ఎదుట నిలబడి చేతి సైగలతో దాని వేగాన్నీ బిగువునూ నడిపే వ్యక్తిని కండక్టరు అంటారు. నిమిషానికి ఇన్ని దెబ్బలు అని కొట్టి చూపే మెట్రోనోమ్ యంత్రం వచ్చిన కొత్తలో, 1817లో, బీథోవెన్ తన సింఫనీలకు ఆ అంకెలను ప్రకటించాడు. అంతటితో వివాదం ముగియలేదు సరికదా, అక్కడినుంచే మొదలైంది. ఆ అంకెలు మరీ వేగంగా ఉన్నాయని అనేకమంది కండక్టర్లు వాటిని పక్కనపెట్టారు. సరైన వేగాన్ని పట్టుకోవడమే కండక్టరు విధుల్లో ప్రధానమని, దానిని చూపేది రచనలోని గానధారేనని వాగ్నర్ 1869లో రాసిన వ్యాసంలో వాదించాడు. ఇరవయ్యో శతాబ్దంలో టోస్కనీని (1867-1957) బిగువైన, తడబడని నడకకు పేరుపొందితే, ఫుర్ట్‌వాంగ్లర్ (1886-1954) సందర్భాన్ని బట్టి వేగాన్ని సాగదీస్తూ, మళ్లీ కూడదీస్తూ అదే సింఫనీకి వేరొక రూపం ఇచ్చాడు. 1980లలో రోజర్ నోరింగ్టన్ వంటివారు పాతకాలపు వాద్యాలతో బీథోవెన్ అంకెలకు దగ్గరగా వాయించి, తెలిసిన సంగీతాన్నే కొత్తగా వినిపించారు. కాగితం మీద అంకె ఉన్నా వేగం వ్యాఖ్యాత చేతిలోనే మిగిలిందన్నది ఈ చరిత్ర నేర్పే విషయం. అంకె లేనిచోట ఆ వ్యాఖ్యాత భారం మరింత పెద్దది.

తిరుపతిలో ఆ భారాన్ని మోసినవారి పేర్లు స్పష్టంగా తెలుసు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) తిరుపతిలో ఉండి తాళ్లపాక సాహిత్యాన్ని పరిష్కరించడంతోపాటు అనేక సంకీర్తనలకు వరుసలు కట్టి స్వరపరిచారు. నేదునూరి కృష్ణమూర్తి (1927-2014) కచేరీ సంగీతపు గాంభీర్యం తగ్గకుండా కొన్ని పదాలను మలిచారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ఆరంభించిన కాలంలోనే దేవస్థానంలో చేరిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ (1948-2025) వందల సంకీర్తనలకు వరుసలు కూర్చి, తన గొంతుతోనే వాటిని ఇంటింటికీ చేర్చారు. వాద్యబృందానికి ఎదుట నిలబడే కండక్టరు కర్ణాటక సంగీతంలో లేకపోయినా, అతని పనిలో ఒక భాగాన్ని వరుసకర్త, ఒక భాగాన్ని ఎత్తుకునే గాయకుడు, ఆ ఎత్తుగడను జారనివ్వకుండా నిలబెట్టే మృదంగ విద్వాంసుడు పంచుకుంటారు. వాద్యగోష్ఠితో చేసే భక్తి ఆల్బముల్లో సంగీత దర్శకుడు ఇంచుమించు కండక్టరే అవుతాడు.

వేగం అర్థాన్ని ఎలా మార్చుతుందో ‘నానాటి బతుకు’ సంకీర్తన చక్కగా చూపుతుంది. నేదునూరి రేవతి రాగంలో కట్టిన ఈ వరుసను, 1980 ప్రాంతంలో దేవస్థానం కోసం వెలువడిన బాలాజీ పంచరత్నమాల రికార్డుల్లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఏ తొందరా లేకుండా పాడారు. జీవితపు అనిత్యతను చెప్పే ఆ పదాల నడుమ ఆ నడక తెచ్చే ఖాళీలో శ్రోత తన బతుకును తలచుకోగలుగుతాడు, విరక్తి అక్కడ దుఃఖపు అంచున నిలుస్తుంది. అదే వరుసను కొంత చురుకుగా నడిపితే దుఃఖం వెనక్కి తగ్గి, లోకం తీరు ఇంతేనని తేల్చిచెప్పే జ్ఞాని గొంతు ముందుకు వస్తుంది. రెండూ ఆ సాహిత్యంలో ఉన్నవే. ఏది ముందుకు రావాలో నిర్ణయించేది కాలప్రమాణం. రాగిరేకులే ఈ పాటలను అధ్యాత్మ, శృంగార సంకీర్తనలుగా రెండు పాయలు చేశాయి. అధ్యాత్మానికి నెమ్మది, శృంగారానికి చురుకు అని సూత్రం కట్టడం సులువే గాని, విరహంలో ఉన్న అలమేల్మంగ మాట చౌకంలోనే పండుతుంది, స్వామిని నిలదీసే భక్తుని మాటకు కొంత వడి కావాలి. వేగాన్ని నిర్ణయించవలసింది పాట మాట్లాడే మనిషి మనఃస్థితి.

ఒక రికార్డింగు ఎంతగా ప్రమాణమైపోగలదో తెలియాలంటే వేంకటేశ్వర సుప్రభాతం కంటె పెద్ద నిదర్శనం అక్కరలేదు. 1963లో సుబ్బులక్ష్మి గొంతులో వెలువడిన ఆ రికార్డు తెల్లవారుజామున రేడియోలో, గుళ్లలో, అంగళ్లలో అన్నేళ్లు మోగిన తరువాత, ఆ శ్లోకాలకు ఆ వేగమే సహజమని తెలుగువారి చెవి నమ్మింది. వేరొకరు కొంచెం త్వరగా చదివితే తప్పులా తోస్తుంది. ఇది ఆ గానానికి దక్కిన గౌరవమే అయినా, అలవాటును ఆధారంగా పొరబడే ప్రమాదం కూడా ఇందులో ఉంది. అలాగే 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చలనచిత్రం ద్వారా ఈ పాటలను తొలిసారి విన్న తరానికి ఆ చిత్రంలోని నడకలే మూలాలుగా స్థిరపడ్డాయి.

వేగాన్ని నిర్ణయించినవి గాయకుని ఊహలే అనుకోవడం కూడా పొరపాటు. రికార్డు చేసే సాధనం సైతం అందులో చేయి పెట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డుకు ఒక వైపున మూడు, నాలుగు నిమిషాల పాటే పట్టేది. చిత్తూరు పేరును దక్షిణదేశమంతా మోసుకువెళ్లిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై, కాంచీపురం నయనా పిళ్లై శిష్యుడు, 1954లో సంగీత కళానిధి బిరుదు పొందిన లయజ్ఞాని. పల్లవిని గంటల తరబడి విస్తరించగల పరంపరకు చెందిన ఆయన ఆనందభైరవిలో పాడిన ‘మధురానగరిలో’ వంటి పాటలు జనానికి చేరింది మాత్రం ఆ కొద్ది నిమిషాల రికార్డుల ద్వారానే. ఆ కాలపు రికార్డుల్లో వినిపించే వడి కొంత గాయకునిది, కొంత ఆ కొలతది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టే ఎల్‌పీ రికార్డు వచ్చాక పాటకు ఊపిరి ఆడింది. ఇప్పుడు నిడివికి హద్దే లేకపోయినా, చెవిలో యంత్రం కొట్టే క్లిక్ వింటూ గాయకుడు ఒకనాడు, వాద్యకారులు వేరొకనాడు విడివిడిగా రికార్డు చేసే పద్ధతి వచ్చింది. అందులో కాలం వెంట్రుకవాసి కూడా కదలదు గాని, గాయకుడూ మృదంగమూ ఒకరినొకరు వింటూ నిలబెట్టుకునే కాలప్రమాణంలోని జీవం అందులో అరుదుగా దొరుకుతుంది.

పాత రికార్డులను కొత్త రూపంలోకి మార్చేటప్పుడు జరిగే మరొక పొరపాటును ఎంచుకునేవారు తప్పక గుర్తించాలి. అన్ని పాత రికార్డులూ సరిగ్గా 78 చుట్ల వేగంతో చేసినవి కావు. నిమిషానికి 72 చుట్లతో చేసిన రికార్డును 78తో తిప్పితే పాట ఎనిమిది శాతం వడిగా నడవడమే కాక, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. గొంతు సన్నబడి, స్వరాలను ఊపే గమకాలు వణుకుల్లా వినిపిస్తాయి. ఒక విద్వాంసుడు మామూలుగా పాడే శ్రుతి ఏదో తెలిసినవారు, తంబురాతోనో శ్రుతిపెట్టెతోనో సరిచూస్తే ఈ తేడా వెంటనే బయటపడుతుంది. గాయకుడు పరుగెత్తాడని నిందించే ముందు యంత్రం పరుగెత్తిందేమో చూడడం న్యాయం.

రికార్డింగు మొత్తం నిడివిని చూసి వేగాన్ని అంచనా కట్టడం కూడా కుదరదు. సంగతులు, అంటే ఒకే పంక్తికి వేసే మార్పులు, ఎన్ని వేశారు, రాగాలాపన ఉందా, మూడు చరణాల్లో ఎన్ని పాడారు అన్నదాన్ని బట్టి నిడివి మారిపోతుంది. వేగాన్ని తెలుసుకోవడానికి సూటి మార్గం తాళం వేసి చూడడమే. ఆదితాళంలో ఎనిమిది క్రియలు. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఎనిమిది సెకన్లలో పూర్తయితే నిమిషానికి 60 క్రియలు, ఆరు సెకన్లలో పూర్తయితే 80. మొదటి పల్లవిలో ఒక ఆవర్తనాన్నీ, చివరి చరణం తరువాత తిరిగి వచ్చే పల్లవిలో మరొక ఆవర్తనాన్నీ ఇలా కొలిస్తే, కాలం నిలిచిందా జారిందా అన్నది తేలిపోతుంది. కాలం నిలిచిన రికార్డింగులో ఆ తరువాత వినవలసింది సాహిత్యం: తెలుగు మాట విరగకూడని చోట విరుగుతున్నదా, దీర్ఘం హ్రస్వంగా నలుగుతున్నదా, వడివల్ల ఒత్తక్షరాలు మాయమవుతున్నాయా, నెమ్మది పేరుతో ఒకే పదంలోని అక్షరాలు విడిపోయి అర్థం చెదురుతున్నదా అన్నవి చూడాలి. మూడవది చరణాలు. అన్నమయ్య సంకీర్తనలో భావం సాధారణంగా చరణం చరణానికీ పెరిగి చివరిదానిలో వేంకటేశుని ముద్రతో పూర్తవుతుంది కాబట్టి, ఆ చరణాన్ని వదిలేసిన పాట ఎంత మధురమైనదైనా అసంపూర్ణమే.

చౌకంలో పాటను నిలబెట్టడం ఎంత కష్టమో చిత్తూరు ప్రాంతపు సాహిత్యమే చెబుతుంది. కార్వేటినగర సంస్థానంలో వేణుగోపాలుని ముద్రతో సారంగపాణి రచించిన పదాలు, వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇంటివారు, ముఖ్యంగా ఆమె మనుమరాళ్లు బృంద, ముక్త, కాపాడిన పదగాన సంప్రదాయంలో కదలీ కదలని నడకలో సాగుతాయి. అక్కడ రెండు దెబ్బల నడుమ ఉన్న వ్యవధి అంతా గమకంతో, అభినయానికి తగిన భావంతో నిండి ఉంటుంది. నిండని వ్యవధి సాగదీత అవుతుంది, నిండినది విలంబం అవుతుంది. నెమ్మదిగా పాడిన ప్రతి రికార్డింగునూ గంభీరమని మెచ్చుకునే అలవాటుకు ఈ పదాలే మంచి మందు. వడికీ దాని స్థానం ఉంది. తిరుమల మెట్లెక్కుతూ భజన గోష్ఠులు తాళాలతో పాడే పాటకు మధ్యమకాలం దాటిన నడకే సరి. పదిమంది గొంతులు కలవాలన్నా, కాళ్లు కదలాలన్నా సంగతుల బరువు లేని చురుకైన దరువు కావాలి. ఆ పాటను కచేరీ కొలతతో తూచడమూ, కచేరీ పాటను భజన వడికి లాగడమూ రెండూ అన్యాయాలే.

కాబట్టి ఇష్టమైన ఒక్కొక్క సంకీర్తనకు కనీసం రెండు రికార్డింగులు, ఒకటి విలంబంగా, మరొకటి మధ్యమకాలంలో, దగ్గర పెట్టుకోవడం శ్రోతకు మేలు. ఒక వ్యాఖ్యానమే విన్న చెవికి అది వ్యాఖ్యానమని తెలిసే అవకాశం ఉండదు. ఇక ఈ పాటలను ప్రచురించే సంస్థలు చేయవలసిన పని ఒకటుంది. పాట పేరు పక్కన రాగంతోపాటు తాళం, వరుస కట్టినవారి పేరు, పాడిన శ్రుతి, రికార్డు చేసిన ఏడు, వదిలిన చరణాలు ఉంటే ఆ వివరం కూడా ముద్రించాలి. అన్నమయ్య మాటలను రాగి మీద చెక్కించినవారు రాగం పేరు రాసి ఉంచబట్టే శతాబ్దాల తరువాత ఆ పాటలకు దారి దొరికింది. తాళం రాయనందువల్ల ఆ దారిలో కొంత చీకటి మిగిలింది. ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు ఆ పదాలకు ఇచ్చిన నడకలు ఇప్పుడు ధ్వనిరూపంలో భద్రంగా ఉన్నా, అవి ఎవరివో, ఏ సంవత్సరానివో, ఏ శ్రుతిలోనివో రాసిపెట్టకపోతే రాబోయే తరానికి మళ్లీ అదే చీకటిని అప్పగించినట్టవుతుంది.