గ్రీకు చదువులో రెండో మెట్టు

మన సాహిత్య విమర్శలో గ్రీసు ప్రస్తావన కొత్తది కాదు. విషాద నాటకం గురించి రాస్తే అరిస్టాటిల్ వస్తాడు. ఇతిహాసం గురించి రాస్తే హోమర్ వస్తాడు. ప్రజాస్వామ్యం మాట ఎత్తితే ఏథెన్స్ వస్తుంది. అభ్యుదయ విమర్శకులు దీనికి మినహాయింపు కాదు. అయితే ఈ గ్రీసు చాలావరకు ఇంగ్లీషు చేతుల మీదుగా మన దగ్గరకు వచ్చింది. ఇంగ్లీషు అనువాదకుడు ఏ మాటకు ఏ మాట పెట్టాడో దాన్నే గ్రీకుల అభిప్రాయంగా తీసుకుని, దాని మీద మనం సిద్ధాంతాలు కట్టాం. మూలభాష చదవటం పండితుల విలాసమనీ, మనకు కావలసింది సారాంశమేననీ ఒక నమ్మకం మనలో ఉంది. ఈ నమ్మకం తప్పని నా వాదం. సారాంశంలో మొదట రాలిపోయేది శ్రమజీవి. అతను కనపడేది మాటల్లో, విభక్తుల్లో, సర్వనామాల్లో.

గ్రీకు చదువుకు మూడు మెట్లున్నాయనుకోవచ్చు. మొదటి మెట్టు మీద లిపి, నామవాచకాల విభక్తులు, క్రియారూపాల పట్టికలు, పాఠం కోసం కూర్చిన చిన్న చిన్న వాక్యాలు ఉంటాయి. మూడో మెట్టు మీద ఎస్కిలస్ బృందగీతాలు, థూసిడిడీస్ ప్రసంగాలు ఉంటాయి. ఈ రెంటికీ నడుమ ఉన్నదే నేను చెప్పదలచుకున్న మెట్టు. అక్కడ వ్యాకరణం పూర్తయింది, భాష ఇంకా పట్టుబడలేదు. క్రియాపదం కనపడితే దాని ధాతువేదో తేల్చుకోవటానికే కాలం పడుతుంది. మాటమాటకూ నిఘంటువు తెరవాలి. చాలామంది ఈ మెట్టు మీదే ఆగిపోతారు. కాని నా అనుభవంలో విమర్శకుడికి ఎక్కువ లాభం ఇక్కడే ఉంది. ధారాళంగా చదివేవాడు దాటిపోయే మాట దగ్గర, తడుముకుంటూ చదివేవాడు ఆగక తప్పదు. ఆ ఆగటంలోనే ప్రశ్న పుడుతుంది.

ఈ మెట్టు మీద విద్యార్థి చేతికి ఏ పుస్తకం ఇస్తారన్నది చిన్న విషయం కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు బడుల్లో మామూలుగా ఇచ్చింది జెనొఫొన్ రాసిన అనాబసిస్. క్రీ.పూ. 401లో పారశీక రాజకుమారుడు సైరస్, అన్నగారి సింహాసనం కోసం సుమారు పదివేల మంది గ్రీకు కిరాయి సైనికులను వెంటబెట్టుకు వెళ్లాడు. యుద్ధంలో అతను చనిపోయాడు. ఆ సైన్యం శత్రుదేశం మధ్యనుంచి సముద్రతీరానికి ఎలా వచ్చిపడిందో చెప్పే కథ ఇది. భాష తేలిక, వాక్యం సూటి. అంచేత పాఠ్యపుస్తకంగా పనికివచ్చిందనటంలో సందేహం లేదు. కాని పరాయి దేశంలో కవాతు చేస్తూ, దారిలో ఊళ్లమీద పడి తిండీ మనుషులనూ పట్టుకుపోయే సైన్యం కథను ఒక సామ్రాజ్యపు పిల్లలు ఏ కళ్లతో చదివి ఉంటారో ఊహించటం కష్టం కాదు. వారిలో కొందరు మన జిల్లాలకు కలెక్టర్లుగా వచ్చారు. మెకాలే అధ్యక్షతన వేసిన సంఘం 1854లో సివిల్ సర్వీసు పోటీ పరీక్షకు మార్కులు నిర్ణయించింది. గ్రీకుకు 750. పరిపాలించబోయే దేశపు సంస్కృతానికి 375. గ్రీకు ఎవరి చదువుగా ఉండేదో ఈ రెండంకెలు చాలు చెప్పటానికి.

కాని అదే మెట్టు మీద ఇంకో రకం రచన కూడా ఉంది. అది కోర్టు ప్రసంగం. దీనిలో లిసియస్ ముఖ్యుడు. ఇతను ఏథెన్సులో పుట్టినా పౌరుడు కాడు, స్థిరపడిన పరదేశి. కుటుంబానికి డాళ్లు చేసే కార్ఖానా ఉండేది. క్రీ.పూ. 404లో ప్రజాస్వామ్యాన్ని కూలదోసిన ముప్ఫైమంది నియంతలు ఇతని ఆస్తి దోచుకున్నారు. అన్న పోలెమార్కస్‌ను విషం తాగించి చంపారు. లిసియస్ తప్పించుకున్నాడు. మరుసటి ఏడు ప్రజాస్వామ్యం తిరిగి వచ్చాక ఆ ముప్ఫైమందిలో ఒకడి మీద తానే నేరం మోపి మాట్లాడాడు. నియంతృత్వం మీద ఇంత సూటి అభియోగం ప్రాచీన సాహిత్యంలో అరుదు. మన పత్రికల్లో అనువదించదగ్గది కూడా.

అందులో దోపిడీకి పోయిన సొత్తు జాబితా ఉంది. 700 డాళ్లు, వెండి, బంగారం, కంచు, నగలు, సామాను, ఆడవారి బట్టలు, ఆ వరుసలోనే 120 మంది బానిసలు. నియంతలు వారిలో మేలైనవారిని తమకు ఉంచుకుని మిగిలినవారిని ప్రభుత్వానికి అప్పజెప్పారట. బానిసలకు ఇక్కడ లిసియస్ వాడిన మాట అన్‌ద్రాపొదొన్. పశువును తెత్రాపొదొన్, అంటే నాలుగు కాళ్లది, అంటారు. దాని అచ్చులో పోసిన మాట ఇది: మనిషి కాళ్లది. మాట నపుంసకలింగం. వెంట వచ్చే సర్వనామమూ, మేలైనవి, మిగిలినవి అనే విశేషణాలూ నపుంసకమే.

తెలుగు అనువాదకుడికి చిక్కు ఇక్కడే. పైన నేను ‘మేలైనవారిని’ అని రాశాను. లిసియస్ అన్నది ‘మేలైనవాటిని’. ఇంగ్లీషుకు ఈ బాధ లేదు. మనుషులకూ వస్తువులకూ బహువచన సర్వనామం ఒక్కటే కాబట్టి అక్కడ ప్రశ్నే పుట్టదు. తెలుగులో మహత్తు వేరు, అమహత్తు వేరు. ‘వాళ్లు’ అనాలో ‘అవి’ అనాలో తేల్చుకోకుండా వాక్యం పూర్తి కాదు. ‘వాళ్లు’ అంటే రచయితను మనం సంస్కరించినట్లు. ‘అవి’ అంటే అతని వర్గదృష్టిని ఉన్నదున్నట్లు చూపినట్లు. నా మటుకు నేను రెండోదే సరైన అనువాదమంటాను. నియంతలను ఎదిరించిన ఈ మనిషి, న్యాయం కోరుతున్న అదే ఊపిరిలో 120 మందిని కంచుతోపాటు లెక్కగట్టాడు. ఈ రెండూ ఒకే మనిషివి. పాఠకుడికి రెండూ తెలియాలి.

ఇక్కడ జాగ్రత్త అవసరం. వ్యాకరణ లింగాన్ని బట్టి సమాజాన్ని తేల్చేయటం తొందరపాటు. గ్రీకులో బిడ్డ అనే ఒక మాట కూడా నపుంసకమే, బిడ్డను వాళ్లు వస్తువనుకోలేదు. మన తెలుగులో ‘ఆవు వచ్చింది’, ‘అమ్మ వచ్చింది’ అని ఒకే క్రియ వాడతాం. అంతమాత్రాన తేలేదేమీ లేదు. అన్‌ద్రాపొదొన్ విషయంలో సాక్ష్యం లింగం ఒక్కటే కాదు, మాట పుట్టిన తీరూ, అది కూర్చున్న జాబితా కూడా.

ఇదే రచయిత మరో ప్రసంగం రెండో మెట్టు విద్యార్థులు తరచు చదివేది. భార్య ప్రియుణ్ణి చంపిన గృహస్థు తన్ను సమర్థించుకుంటాడు. కథనం సరళంగా ఉంటుంది. కథ మలుపు తిరిగేది ఒక పనిమనిషి దగ్గర. ఆమెకు పేరు లేదు. యజమాని ఆమెను నిలదీసి, నిజం చెప్తావా, లేక కొరడా దెబ్బలు తిని తిరగలి దగ్గర చచ్చేదాకా పడి ఉంటావా అని అడుగుతాడు. న్యాయమూర్తుల ముందు ఈ సంగతి దాచుకోడు. దాచుకోవలసిన పనిగా అతనికి తోచలేదు. ఆమెకు వాడిన మాట థెరాపైన. ఇంగ్లీషు ‘మెయిడ్’ నుంచి వచ్చేవారు దీన్ని ‘పరిచారిక’ అనో ‘చెలికత్తె’ అనో చేస్తారు. అప్పుడది ప్రబంధంలోని అంతఃపురం అయిపోతుంది. నిజానికి దీనికి దగ్గర మాటలు మన పల్లెల్లో, గడీల్లో ఉన్నాయి. తెలంగాణలో దొరబిడ్డ పెళ్లయి వెళ్తుంటే వెంట పంపిన ఆడబాపను తలుచుకుంటే, ఆ ఏథెన్సు ఇంట్లో ఏం జరిగిందో నిఘంటువు లేకుండానే తెలుస్తుంది. రెండూ ఒకటే వ్యవస్థ అని నేననటం లేదు. మన అనుభవం ఇచ్చిన మాట ఉండగా ఇంగ్లీషు ఇంటి మర్యాదను అరువు తెచ్చుకోవటమెందుకు అంటున్నాను.

పైస్ అనే మాట కూడా ఇలాంటిదే. దాని అర్థం పిల్లవాడు. బానిసను, తల నెరిసినవాడైనా, అదే మాటతో పిలిచేవారు. హోటల్లో అరవయ్యేళ్లవాణ్ణి ‘కుర్రాడా’ అనీ, ఆఫీసులో ‘బాయ్’ అనీ పిలవటం విన్న తెలుగువాడికి దీన్ని విప్పి చెప్పక్కర్లేదు.

ఇంతకూ గ్రీకును ఇంగ్లీషు ద్వారానే నేర్చుకోవాలన్న విధి ఏమీ లేదు. తెలుగులో దానికి దారులున్నాయి. గ్రీకు క్రియకు కర్తరి, కర్మణి కాక మూడో ప్రయోగం ఒకటుంది. కర్త తన కోసం చేసుకునే పనిని అది చెప్తుంది. సంస్కృతం తెలిసినవారు ఆత్మనేపదం గుర్తు తెచ్చుకుంటారు. తెలియనివారికి మన ‘కొను’ చాలు. ఇలియడ్ మొదటి సర్గలో పూజారి క్రూసెస్ వచ్చింది కూతుర్ని విడిపించుకోవటానికి. అగమెమ్నాన్ అన్నది విడిపించనని. గ్రీకులో ధాతువు ఒక్కటే, ప్రయోగం వేరు. తండ్రి దైన్యమంతా ఆ ‘కొను’లో ఉంది. వచ్చి, చూచి, అడిగి, కాదంటే వెళ్లిపోయి అని అసమాపక క్రియలతో వాక్యాన్ని నడిపే అలవాటు మనకుంది. గ్రీకు వాక్యం కూడా చాలాచోట్ల ఇలాగే క్రియాజన్య విశేషణాలతో నడుస్తుంది. ఇంగ్లీషులో దాన్ని ముక్కలు చేయాలి. ‘ఆయనేమో ఇలా, ఈయనేమో అలా’ అనే మన ‘ఏమో’ వంటి పనినే గ్రీకులో మెన్, దె అనే అవ్యయాలు చేస్తాయి. మేలైనవేమో ఉంచుకున్నారు, మిగిలినవేమో అప్పజెప్పారు అన్న పై వాక్యంలోనూ ఆ జంటే ఉంది.

ప్రజల భాషలో గ్రీకు చెప్పటం కల కాదు. జార్జ్ థామ్సన్ పేరు మనవారికి తెలుసు. 1941లో వచ్చిన ‘ఎస్కిలస్ అండ్ ఏథెన్స్’ గ్రంథకర్త. ఆ పుస్తకానికి పదేళ్ల ముందు, 1931లో, ఇంగ్లండులో పుట్టిన ఆ పండితుడు ఐర్లండులోని గాల్వే విశ్వవిద్యాలయ కళాశాలలో చేరి ఐరిష్ భాషలో గ్రీకు బోధించాడు. ఇంగ్లీషు అణగదొక్కిన భాషలో హోమర్‌ను చదవవచ్చని చూపాడు.

పాఠ్యపుస్తకాలు కూడా మారకుండా లేవు. 1978లో కేంబ్రిడ్జి ప్రచురించిన ‘రీడింగ్ గ్రీక్’లో నెయైరా అనే స్త్రీ మీద నడిచిన అభియోగాన్ని సులభం చేసి పాఠంగా పెట్టారు. పసితనంలో ఒకామె ఈమెను కొని, కూతురని చెప్పుకుంటూ వ్యభిచారంలోకి దింపింది. ఇద్దరు పురుషులు కలిసి 30 మినాలకు కొన్నారు. తర్వాత 20 మినాలిస్తే వదిలేస్తామన్నారు. ఇది ప్రత్యర్థి నోటి మాట, నమ్మకంగా తీసుకోలేం. అయినా ఒక మనిషి ధర ఇంత అని కోర్టులో మామూలుగా చెప్పుకోవటం కల్పన కాదు. జెనొఫొన్ నుంచి నెయైరాకు రావటం చదువులో జరిగిన మార్పు. అది దానంతటది రాలేదు, అడిగినవారుండబట్టి వచ్చింది.

బానిస యజమానుల సాహిత్యానికి ఇంత శ్రమ ఎందుకని అడిగే మిత్రులున్నారు. మార్క్స్ 1861 ఫిబ్రవరిలో ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరంలో, సాయంత్రాలు విశ్రాంతి కోసం అప్పియన్ రాసిన రోమన్ అంతర్యుద్ధాల చరిత్రను గ్రీకు మూలంలో చదువుతున్నానన్నాడు. ఆ పుస్తకంలో ఆయనకు దొరికినవాడు స్పార్టకస్. అప్పియన్ బానిసల పక్షం వాడు కాడు. శత్రువు రాతలోంచి మనవాణ్ణి వెతికి తీయటానికే మూలం చదవాలి. అనువాదకుడు ముందే సర్దిపెట్టిన గదిలో వెతకటానికి ఏమీ మిగలదు.

అంచేత అందరూ గ్రీకు నేర్చుకోవాలని నేననను. గ్రీకు గురించి రాసేవారిలో కొందరైనా ఈ రెండో మెట్టు దాకా రావాలంటాను. లిసియస్ ప్రసంగాలు రెండు తెలుగులోకి నేరుగా రావాలి. ప్రతి పుటకూ ఎదురుగా మూలం, కింద తెలుగులోనే పదాల వివరణ ఉండాలి. బానిసను సూచించే గ్రీకు మాటలు ఎన్ని ఉన్నాయో అన్నింటికీ పాలేరు, జీతగాడు, దాసి, వెట్టివాడు, ఆడబాప అనే మన మాటల్లో ఏది సరిపోతుందో, ఏది సరిపోదో చర్చించి తేల్చాలి. ఇది ఒకరి పని కాదు. భాషాశాస్త్రం తెలిసినవారూ, గడీల చరిత్ర తెలిసినవారూ కూర్చుని చేయవలసిన పని. అది జరిగేదాకా ఏథెన్సు ప్రజాస్వామ్యం గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ ఆ 120 మందిని ‘వాళ్లు’ అనాలో ‘అవి’ అనాలో మనం తేల్చుకోకుండానే దాటిపోతుంటాం.