ఎన్నికల గ్రంథములు: అవి విడిచిపోవు మాటలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాలుగేండ్లకొకమారు అధ్యక్షుని ఎన్నిక జరుగును. నవంబరు మాసమున మొదటి సోమవారము వెనుక వచ్చు మంగళవారమున ప్రజలు వోట్లు వేయుదురు. ఆ దినమునకు కొన్ని మాసములు ముందుగనే ఆ దేశపు పుస్తకశాలలలో ఒక జాతి గ్రంథములు కుప్పలుగా వచ్చి పడును. అభ్యర్థిని ఆకాశమునకెత్తునవి కొన్ని. పాతాళమునకు త్రొక్కునవి పెక్కు. ఎన్నిక ముగిసిన వెనుక వానినడుగువారు అరుదు. కావున ఇట్టి వానిని విమర్శింపబూనుట వృథాశ్రమ యని పలువురు తలంతురు. మా అభిప్రాయమట్టిది కాదు. గ్రంథము చచ్చినను అది పుట్టించిన మాట బ్రతికియుండుట కలదు. ఆ మాట ఎవరి నోట నానెనో, ఎవరి సంసారములను చెరచెనో విచారించుట విమర్శకుని ధర్మమే యగును.

మన నైయాయికులు చర్చను మూడు తెరగులుగా విభజించిరి. సత్యమును తెలిసికొనగోరి యిరువురు చేయునది వాదము. గెలుపే ప్రయోజనముగా, ఛలము నాశ్రయించియైనను స్వపక్షమును నిలుపుకొనునది జల్పము. తనదని చెప్పుకొనదగిన పక్షమును స్థాపింపక, ఎదుటివాని పక్షమును కూలద్రోయుటయే పనిగా గలది వితండ. ఎన్నికలలో వాదమునే యాశించుట వకీలును తీర్పరివలె మాటలాడుమని కోరుట వంటిది. జల్పమును మనము సహింపవలసినదే. వితండయందు జాగరూకతతో నుండవలెను. ఈ కొలతతో మూడు ఎన్నికల గ్రంథములను పరిశీలింతము.

మొదటిది 1964వ సంవత్సరమునాటిది. ఆ యేట రిపబ్లికన్ పక్షమున బారీ గోల్డ్‌వాటరు, డెమొక్రాటిక్ పక్షమున లిండన్ జాన్సను పోటీచేసిరి. ఇల్లినాయి రాష్ట్రమందలి ఆల్టన్ పట్టణవాసిని ఫిలిస్ ష్లాఫ్లీ ‘ఎ చాయిస్ నాట్ ఏన్ ఎకో’ యను చిన్న పుస్తకమును వ్రాసి, పెద్ద ప్రచురణకర్తల నాశ్రయింపక తానే అచ్చువేయించెను. అది లక్షలకొలది అమ్ముడుపోయెను. రిపబ్లికన్ అభ్యర్థులను నిర్ణయించుచున్నది పక్షములోని సామాన్యులు గారనియు, తూర్పుతీరపు ధనికుల చిన్నకూటమి యొకటి తెరవెనుక నుండి నిర్ణయించుచున్నదనియు ఆమె వాదము. ఇందు అతిశయోక్తి కలదు. సాధారణమైన అభిప్రాయభేదముతో తేలిపోవు విషయములకుకూడ ఆమె రహస్యపుటాలోచనలను కల్పించెను. అయినను ఆమె తన పేరు దాచుకొనలేదు. తన పక్షమేదో, తన అభ్యర్థి యెవరో పుస్తకమునందే చెప్పెను. ఒప్పని పాఠకుడు ఎవరిని ఖండింపవలెనో యెరుగును. గోల్డ్‌వాటరు 50 రాష్ట్రములలో ఆరింట మాత్రమే గెలిచెను. కాని యా పుస్తకమును చదివినవారు పక్షమును వీడలేదు. 1980లో రొనాల్డ్ రీగన్ గెలుపునకు తోడ్పడినది ఆ సంప్రదాయవర్గమే. ఆమె మతము మాకు సమ్మతము గాదు. ఆమె గ్రంథము జల్పమనుటకు మాత్రము సందేహింపము.

రెండవది 2004 ఆగస్టు మాసమున వెలువడిన ‘అన్‌ఫిట్ ఫర్ కమాండ్’. కర్తలు జాన్ ఓనీల్, జెరోమ్ కోర్సీ. ఆ యేట డెమొక్రాటిక్ అభ్యర్థియైన జాన్ కెర్రీ, వియత్నాం యుద్ధమున స్విఫ్ట్‌బోటు అను చిన్న నౌకకు నాయకుడై పనిచేసి పతకములు పొందినవాడు. ఆ పతకములు ఆయనకు న్యాయముగా రాలేదని యీ గ్రంథము చెప్పెను. ఆధారములేవి? ముప్పదియైదేండ్లు గడచిన వెనుక ఇతర నౌకలలోని కొందరిచ్చిన వాఙ్మూలములు. నాటి నౌకాదళపు లేఖలు వీనికి విరుద్ధముగా నుండెను. కెర్రీతో ఒకే నౌకలో పనిచేసినవారిలో ఎక్కువమంది ఆయన పక్షముననే నిలిచిరి. పతకములు సక్రమముగనే మంజూరయ్యెనని ఆ సెప్టెంబరులో నౌకాదళపు తనిఖీ అధికారి నిర్ణయించెను. గ్రంథము మాత్రము అప్పటికే విక్రయముల పట్టికలో అగ్రస్థానము నందుకొనెను.

ఈ వైరమునకు మూలమును వెదుకుట కష్టము గాదు. 1971 ఏప్రిలులో కెర్రీ సెనేటు సంఘము నెదుట నిలిచి యుద్ధమును నిందించెను. ఆ యేటనే ఓనీలు బహిరంగముగా ఆయన నెదిర్చెను. ఆ యుద్ధము ధర్మయుద్ధమా, యుద్ధమునుండి మరలివచ్చినవాడు తోడి సైనికుల చేతలను లోకమునకు చెప్పవచ్చునా యనునవి పెద్ద ప్రశ్నలు. గ్రంథముయొక్క ఉత్తరభాగమున ఈ విషయమును స్పృశించిరి. దానినే ముఖ్యముగా గ్రహించియున్నచో అది వాదముగా నైన నిలుచునేమో. వారట్లు చేయక పతకములను ముందునకు తెచ్చిరి. దేశమును ఎట్లు పాలింపవలెనో అందొక మాటయు లేదు. ఇది వితండ. ఇట్టి దోషము ఒక పక్షమునకే పరిమితమని మేమనము. ఆ సెప్టెంబరులోనే సి.బి.యస్. వార్తాసంస్థ, అధ్యక్షుడు బుష్ యౌవనమునాటి సైనికసేవను గూర్చి కొన్ని పత్రములను ప్రసారముచేసి, అవి నిజమైనవని నిరూపింపలేక క్షమాపణ చెప్పుకొనెను. ఇక ఆ గ్రంథము విడిచిపోయిన మాట ‘స్విఫ్ట్‌బోటింగ్’. నేడు ఇంగ్లీషున దానికి రాజకీయపు అపనింద యని యర్థము. ప్రాణములకు తెగించి ఆ నౌకలలో పనిచేసిన వేలమంది సైనికుల నౌక పేరు నిందకు పర్యాయపదమైనది.

మూడవది కాలమున మొదటిది, దోషమున కడపటిది. 1863 డిసెంబరున న్యూయార్కు నగరమున కర్త పేరులేని 72 పుటల పుస్తకమొకటి వెలువడెను. అప్పటికి అంతర్యుద్ధము సాగుచుండెను; దాసులకు విముక్తి ప్రకటించి లింకను ఒక యేడు కావచ్చుచుండెను; మరుసటి యేట ఆయన తిరిగి యెన్నికకు నిలువవలసియుండెను. తెల్లవారును నల్లవారును వివాహములాడి యేకమగుటయే మానవజాతి కభ్యుదయమనియు, రిపబ్లికన్ పక్షపు నిజమైన గమ్యమదియే యనియు ఆ పుస్తకము చెప్పెను. లాటిను భాషలో కలుపుట, జాతి యను నర్థములు గల రెండు మాటలను అతికి ‘మిసెజినేషన్’ అను క్రొత్తమాటను సృష్టించి దానిని పుస్తకమునకు పేరుగా నుంచిరి. దాస్యనిర్మూలన నాయకులకు ప్రతులు పంపి అభిప్రాయములు కోరిరి. కొందరు మెచ్చుచు జాబులు వ్రాసిరి. లింకనునకు అంకితమిచ్చుటకు అనుమతి యడిగిరి; ఆయన ప్రత్యుత్తరమీయలేదు. 1864 ఫిబ్రవరిలో శామ్యూల్ కాక్స్ అను డెమొక్రాటిక్ సభ్యుడు ప్రతినిధిసభలో దీనిని చూపి రిపబ్లికనులపై విరుచుకుపడెను.

వ్రాసినవారు రిపబ్లికనులు గారు, సంస్కర్తలును గారు. డెమొక్రాటిక్ పత్రికయైన న్యూయార్కు వరల్డుకు సంపాదకుడైన డేవిడ్ క్రోలీ, ఆ పత్రికలోని విలేఖరి జార్జి వేక్‌మన్. శత్రువు పలుకని మాటను శత్రువు గొంతుతో పలికి, ఆ పలుకునకు శత్రువునే శిక్షింపజూచిరి. మన నైయాయికుల లెక్కలో ఈ విధమునకు చోటులేదు. వితండము చేయువాడుకూడ తన నోటితోనే మాటలాడునని వారు నమ్మిరి.

ఎన్నికలో ఈ మాయ ఫలింపలేదు. లింకనునకు 212, మక్లెల్లనునకు 21 ఎన్నికగణపు వోట్లు వచ్చెను. పుస్తకము మరుగుపడెను. మాట మరుగుపడలేదు. పరిహాసముగా పుట్టినది శాస్త్రపదమువలె వేషము వేసికొని న్యాయగ్రంథములలోను తీర్పులలోను చేరెను. జాత్యంతర వివాహములను నిషేధించు చట్టములకు ఆ మాటతోనే వ్యవహారము. 1958లో రిచర్డ్ లవింగ్ అను తెల్లవాడు, మిల్డ్రెడ్ అను నల్లజాతి స్త్రీ, వాషింగ్టను నగరమున పెండ్లియాడి వర్జీనియాకు తిరిగిరాగా వారిని నిర్బంధించిరి. ఇరువదియైదేండ్లు ఆ రాష్ట్రమున కలిసి యడుగుపెట్టకున్నచో కారాగారము తప్పునని న్యాయాధిపతి తీర్పు చెప్పెను. 1967 జూన్ 12వ తేదీని దేశపు అత్యున్నత న్యాయస్థానము అట్టి చట్టములను కొట్టివేయునాటికి ఇంకను 16 రాష్ట్రములలో అవి యమలులోనుండెను. ఆ చట్టములను పుట్టించినది పుస్తకమని మేమనము. అవి అంతకుముందునుండియు నున్నవి. కాని వానికి పాండిత్యపు ముసుగు తొడిగినది ఆ మాట.

దీనిని తెలుగు చేయబూనినవానికి ‘వర్ణసంకరము’ అను మాట చేతికి తగులును. మేమా మాటను వాడక విడిచితిమి. మనదేశమునను ఆ మాట ఎన్ని పెండ్లిండ్లను చెరచెనో పాఠకులెరుగుదురు. హిందువులలో భిన్నకులముల వివాహములు చెల్లునని నిస్సంశయముగ శాసించు చట్టము 1949లో గాని మనకు రాలేదు. వినినంతనే జుగుప్స పుట్టించుటకై చేసిన మాటను పండితులు వాడుచున్నారు గదా యని శాస్త్రముగా గ్రహించుట అక్కడను జరిగెను, ఇక్కడను జరిగెను.

అమెరికాలో స్థిరపడి ఆ దేశపు వోటుహక్కును పొందిన తెలుగువారు నేడు పెక్కురు కలరు. ఇట్టి గ్రంథములు వారి చేతికిని వచ్చుచున్నవి. వారికి మేము విన్నవించునది యొక్కటే. గ్రంథము నిజముగా ఎవరి గొంతున పలుకుచున్నది, దూషితుని లేఖలును సాక్షులును అందున్నవా, కర్తకు తనదని యొక పక్షమున్నదా యని ముందుగా చూడవలెను. అటుపిమ్మట అందలి క్రొత్తమాటను పట్టి చూడవలెను. వోట్ల లెక్క ఒక రాత్రిలో తేలును. క్రోలీ పెట్టిన మాటచేత చట్టము మాటలాడుట మానుటకు నూటమూడేండ్లు పట్టినది.