తుపాను లెక్కలో కాలపు అడుగు

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున, నాలుగున్నర అయిదున్నర గంటల మధ్య, తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని పలాస దగ్గర తీరం దాటినది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. విసురుగాలి 165 వరకు. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు ఏమైనవో ఈ ప్రాంతపు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఇటువంటి తుపానును కంప్యూటరులో మళ్ళీ పుట్టించి, దాని నడక చూడవలెనని మా విద్యార్థులకు ఉత్సాహం కలగడం సహజమే. వారు వాడేది డబ్ల్యు.ఆర్.ఎఫ్. అనే ప్రోగ్రాము. అమెరికాలో బౌల్డరు నగరంలోని వాతావరణ పరిశోధన కేంద్రం, మరికొన్ని సంస్థలు కలిసి దీనిని తయారుచేసి, అందరికీ ఉచితంగా ఇచ్చినవి. నేను విమర్శించదలచినది ఆ ప్రోగ్రామునంతటినీ కాదు. అందులోని ఒక్క సదుపాయాన్ని, దానిని మనం వాడుతున్న తీరును.

ముందు విషయం చెబుతాను. ఈ ప్రోగ్రాము ఆకాశాన్ని గళ్ళుగా, పొరలుగా విభజిస్తుంది. ఒక్కొక్క గడిలో గాలి, ఉష్ణోగ్రత, తేమ ఎంతో తెలిస్తే కొద్ది క్షణాల తరువాత ఎంత ఉంటుందో లెక్క కడుతుంది. ఆ కొద్ది క్షణాలే కాలపు అడుగు. అడుగు పెద్దదైతే పని త్వరగా ముగుస్తుంది. మరీ పెద్దదైతే లెక్క చెడుతుంది. ఎంత పెద్దదైతే చెడుతుందో చెప్పే నియమాన్ని కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితజ్ఞులు 1928లో, ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు పుట్టకముందే, ప్రకటించారు. ఒక్క అడుగులో గాలి ఎన్ని గళ్ళు దాటుతున్నదో అదే కూరంట్ సంఖ్య. అది ఒక హద్దు మించరాదు.

గడి 9 కిలోమీటర్లు అనుకుందాం. ఇటువంటి గడికి వాడుకలో ఉన్న స్థిరమైన అడుగు 54 సెకండ్లు. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఆ వ్యవధిలో 2,250 మీటర్లు పోతుంది. అంటే గడిలో నాలుగవ వంతు మాత్రమే, భయం లేదు. చిక్కు నిలువు దిక్కున వస్తుంది. గాలి సెకండుకు 10 మీటర్ల చొప్పున పైకి లేస్తున్నదనుకోండి. 54 సెకండ్లలో 540 మీటర్లు. పొర మందం 360 మీటర్లయితే ఒకటిన్నర పొరలు దాటినట్లు. సముద్రం మీద గాలి మహేంద్రగిరి వంటి 1,500 మీటర్ల కొండను ఢీకొన్నప్పుడు ఈ నిలువు గాలిని తేలికగా తీసుకోరాదు.

అందుకే అడుగును తానే మార్చుకొనే సదుపాయం పెట్టారు. సాలూరు ఘాట్ రోడ్డుమీద డ్రైవరు మలుపు దగ్గర వేగం తగ్గించి, తిన్నని దారిలో పెంచడం లేదా? ఇదీ అంతే. కూరంట్ సంఖ్య 1.2 మించితే అడుగు తగ్గిస్తుంది. తక్కువగా ఉంటే ఒక్కొక్కసారి నూటికి 5 చొప్పున పెంచుతుంది. పై ఉదాహరణలో అడుగు 43 సెకండ్ల వరకు దిగవలెను. గాలి శాంతించిన తరువాత తిరిగి 54కు చేరడానికి అయిదు అడుగులు పడుతుంది. ఒకటి రెండు కంప్యూటర్లతో నెట్టుకువచ్చే మాబోటి కళాశాలలకు దీనివల్ల కలిగే ఆదా చిన్నది కాదు. మెచ్చుకోవలసినదే.

అయితే ఆ డ్రైవరు మలుపును ముందే చూస్తాడు. ఈ పద్ధతి వెనుకకు మాత్రమే చూస్తుంది. గడిచిన అడుగులో కూరంట్ సంఖ్య ఎంతో చూసి, రాబోయే అడుగును నిర్ణయిస్తుంది. హద్దు దాటిన అడుగును రద్దుచేసి మళ్ళీ వేయదు. పైగా కనీసపు అడుగు ఒకటి ఉన్నది: 9 కిలోమీటర్ల గడికి 27 సెకండ్లు. అవసరం అంతకంటె చిన్న అడుగైతే, వాడేవారు ఆ అంకెను స్వయంగా మార్చవలసిందే. చాలామంది ఆ వరుసలన్నీ ఇచ్చినవి ఇచ్చినట్లే ఉంచుతారు.

ఇంతకంటె పెద్ద లోపం పేరులోనే ఉన్నది. పరిస్థితికి అనుగుణంగా అడుగు మారుతుందనగానే, తప్పు కూడ అదుపులో ఉంటుందని వినేవాడు అనుకుంటాడు. ఒక విద్యార్థి నాతో, ‘లెక్క మధ్యలో ఆగలేదండీ, కనుక సరియైనదే’ అన్నాడు. నేను అతనికి టీ గ్లాసు లెక్క ఇచ్చాను. ఉపాధ్యాయులు తరగతిలో చేయించవచ్చును.

టీ గదికంటె 40 డిగ్రీలు వేడిగా ఉన్నది. చల్లారే వేగం ఆ తేడాకు సమానమనుకోండి. అడుగు 3 తీసుకుంటే, తేడా 40 నుంచి మైనస్ 80కి, అక్కడనుంచి 160కి పోతుంది. లెక్క పేలిపోయినదని ఎవరికైనా తెలుస్తుంది. అడుగు 1.5 తీసుకోండి: 40, మైనస్ 20, 10, మైనస్ 5. చివరకు గది ఉష్ణోగ్రతకే చేరుతుంది, ఎక్కడా పేలదు. కాని మధ్యలో వేడి టీ గదికంటె 20 డిగ్రీలు చల్లబడినది! అడుగు 0.5 అయితే, ఒక ప్రమాణ కాలం తరువాత 10 డిగ్రీలు, 0.1 అయితే 13.9, అసలు విలువ 14.7. నిలకడ వేరు, నిజం వేరు. కూరంట్ సంఖ్య కాపలా కాసేది మొదటిదానికి మాత్రమే.

తప్పును అంచనా వేసుకొని అడుగును నిర్ణయించే పద్ధతులు లేకపోలేదు. 1969లో ఫేల్‌బెర్గ్, 1980లో డోర్మండ్, ప్రిన్స్ ప్రకటించినవి అటువంటివే. ఒకే అడుగును రెండు రకాలుగా లెక్కకట్టి, తేడా ఎక్కువైతే ఆ అడుగును తిరస్కరించి చిన్నది వేస్తాయి. తోకచుక్కల కక్ష్యలకు ఇవి చక్కగా పనికివస్తాయి. వాతావరణ నమూనా తయారుచేసినవారు ఇవి తెలియక విడిచిపెట్టలేదు. 9 కిలోమీటర్ల గడిలో తుపాను కన్ను చుట్టూ ఉన్న మేఘపు గోడ నాలుగైదు గళ్ళకు మించదు; ఆ ముతకదనం వల్ల వచ్చే తప్పు ముందు కాలపు అడుగు తప్పు చిన్నదే కావచ్చునని వారి వాదం. సబబైన వాదమే, గాలి విషయంలో. వాన విషయంలో నాకు అంత ధైర్యం లేదు. ఆవిరి నీరుగా మారడం, చినుకు పడడం అడుగు అడుగుకూ లెక్కకట్టేవే. తిత్లీ తరువాత వంశధారలో వరద వచ్చినది. మనకు గాలి ఎంత ముఖ్యమో వాన లెక్కా అంతే ముఖ్యం.

మరొక చిక్కు పోల్చడంలో ఉన్నది. మేఘాల పద్ధతి ఒకటి మార్చి రెండుసార్లు లెక్క నడిపితే, నిలువు గాలి మారి అడుగుల వరుస కూడ మారుతుంది. ఫలితాలలో తేడా మేఘాలదా, అడుగులదా? విడదీయలేము. అటువంటి పోలికలకు స్థిరమైన అడుగే మేలని నా అభిప్రాయం, ఒక రాత్రి ఎక్కువ పట్టినా సరే.

మారే అడుగు వాడదలచినవారు గరిష్ఠపు అడుగును సగం చేసి, అదే తుపానును మరొకసారి నడపండి. పలాస దగ్గర గాలి, వంశధార పరీవాహకంలో వాన రెండుసార్లూ ఎంత వచ్చినవో పక్కపక్కన రాయండి. నివేదికలో గరిష్ఠ, కనిష్ఠ అడుగుల అంకెలు కూడ ఉండవలెను. మా విభాగంలో ఈ రెండవ లెక్క లేనిదే ప్రాజెక్టు పుస్తకంమీద నేను సంతకం చేయడం మానినాను. విద్యార్థులు కొంత విసుక్కుంటున్నారు.