నునుపు – గరుకు: డెంకణికోట తెలుగు సౌందర్యమును గూర్చి

లోకమున నేడు సమస్తమును మెరుగు దిద్దబడుచున్నది. ఛాయాచిత్రము ముఖమునందలి మచ్చను తుడిచివేయుచున్నది. చేతిలోని ఫోను మన వాక్యమును సైతము సరిదిద్ది యిచ్చుచున్నది. ఇట్టి కాలమున లోపముగల దానియందు సౌందర్యము కలదా యను ప్రశ్న భాషావిషయమున సరిహద్దు తెలుగువారమైన మనకు మిక్కిలి ముఖ్యమైనది. ఏలయన, లోపముగల తెలుగని పేరుపడినది మన తెలుగే.

హోసూరు, డెంకణికోట ప్రాంతము కన్నడ తమిళములతో కలిసిమెలిసి తెలుగు పలుకు సీమ. 1956 నాటి రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున ఇది మద్రాసు రాష్ట్రమునందే నిలిచినది. పాఠ్యగ్రంథములలోని తెలుగునకును, ఇచటి యిండ్లలోని తెలుగునకును నడుమ దూరము పెరిగినది. ఇచటి పల్లెపిల్లవాడు "వాన వస్తా ఉండాది" అని వ్రాయును. ఉపాధ్యాయుడు దానిని కొట్టివేసి "వర్షం కురుస్తోంది" అని దిద్దును. వాక్యము మెరుగుపడినట్లే తోచును. కాని 'వచ్చు' అను క్రియ వానను కొండ దాటి చేనిమీదికి నడచివచ్చు చుట్టముగా చూపుచున్నది. దిద్దిన వాక్యమున ఆ చూపు పోయినది.

ఇట్లే 'నవ్వు'నకు బదులు 'నగు' అనుట, 'దుకాణము'నకు బదులు 'అంగడి' అనుట మోటుదనమని కొందరి తలంపు. ఈ రెండును ప్రాచీనకావ్యములయందు గౌరవముతో నిలిచిన మాటలే. అయినను, పూర్వకవిప్రయోగము కలదన్న కారణముననే మన మాటను మెచ్చుకొనుట అరువు గౌరవము. నేటి నోట అది చేయు పనిని బట్టియే దాని విలువను నిర్ణయింపవలెను.

సాహిత్యచరిత్ర ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది. పాల్కురికి సోమనాథుడు పండితులు చిన్నచూపు చూచిన ద్విపదను, జానుతెనుగును చేపట్టి బసవపురాణము రచించెను. వేమనను పండితులు చాలకాలము కవుల వరుసలో చేర్చలేదు. 1829లో ఆయన పద్యములను అచ్చు వేయించినవాడు బ్రౌను దొర. గిడుగు రామమూర్తి (1863–1940) గ్రాంథికపు కట్టును సడలించెను. కాని పిమ్మట ప్రమాణమైన శిష్టవ్యావహారికము ముఖ్యముగా కోస్తా జిల్లాల విద్యావంతుల పలుకు. ఒక మెరుగు పోయి మరియొక మెరుగు వచ్చినదన్నమాట. మన పొరుగుననున్న చిత్తూరు సీమ పల్లెపలుకులో 'పచ్చనాకు సాక్షిగా' వ్రాసిన నామిని సుబ్రమణ్యం నాయుడు ఆ మెరుగును ప్రక్కకు నెట్టి, పల్లెతల్లి కోపమును, ప్రేమను ఆమె మాటలోనే వినిపించెను. ఆ కథలను శిష్టభాషలోనికి మార్చి చూడుడు: సంగతి మిగులును, మనిషి మిగులదు.

అట్లని ప్రతి తప్పును అందమనరాదు. తమిళలిపిలో ప, బ లకు ఒకే అక్షరము. ఆ అలవాటున విద్యార్థి 'బాట'ను 'పాట' యని వ్రాసినచో అర్థమే మారును; దిద్దక తప్పదు. దూరదూరముల నున్న తెలుగువారందరును చదువుకొనుటకు ఒక సామాన్యలిఖితభాషయు కావలయును. కనుక విమర్శకునకు కావలసినది వివేచన. అర్థమునకు అడ్డుపడునది దోషము. పలికిన మనిషిని, పలికిన నేలను పట్టియిచ్చునది రూపము. విసుర్రాయి అరిగి నునుపెక్కినచో గింజ నలుగదు. అందుకే దానికి మరల గంట్లు పెట్టింతురు. భాషకును అట్టి గరుకుదనము కొంత యుండవలెను.

ఇది కేవలము అలంకారశాస్త్రచర్చ కాదు. తమిళనాట 2006లో చేసిన చట్టము ఒకటవ తరగతి మొదలు తమిళమును క్రమముగా నిర్బంధపాఠ్యము గావించినది. తెలుగునకు మిగిలిన గంటలు కొద్ది. ఆ కొద్ది గంటలలోను ఇంటిమాట కెల్ల ఎఱ్ఱసిరా తగిలినచో, పిల్లవాడు తెలుగు తనది కాదనుకొనును. చట్టము మిగిల్చిన దానిని సిగ్గు హరించును.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్రప్రదేశమునందలి వ్యవసాయపదములను రైతుల నోట విని మాండలిక వృత్తిపదకోశముగా కూర్చెను. అట్టి పని మన సీమలోను జరుగవలెను. ప్రతి తెలుగు పాఠశాలలో పిల్లలు అవ్వతాతల నడిగి, సేద్యపు మాటలను, వంటింటి మాటలను పలికినది పలికినట్లు ఊరిపేరుతో వ్రాసిపెట్టవలెను. ఆ ప్రతులను సరిదిద్దక యథాతథముగా అచ్చు వేయు భారమును మన సంఘమువారు వహింతురని ఆశించుచున్నాను.