చదరంగం – యోధుడనే ఉపమానం

చదరంగం ఆడేవారిని యోధులనడం కొత్త కాదు. చతురంగమన్న మాటలోనే రథ గజ తురగ పదాతులున్నాయి. అయితే పావుల పేరును ఆటగాడికి అంటగట్టవచ్చునా? ఉపమకు సమానధర్మం కావాలి. యోధుని ధర్మం ప్రాణాలకు తెగించడం. ఇక్కడ బలయ్యేవి బంట్లు. రాజునైతే చంపను కూడా చంపరు, కదలనీయక కట్టేస్తారు. పైగా ఎదుటివాని బలమంతా కళ్లెదుటే ఉంటుంది; మాటు వేయడానికి చోటు లేదు.

2024 డిసెంబరు 12న సింగపూరులో, చెన్నైకి చెందిన తెలుగింటి కుర్రవాడు దొమ్మరాజు గుకేశ్ 14వ ఆటలో డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. డింగ్ ఏనుగును తప్పు గడికి జరపడంతో ఆట ముగిసింది. గుకేశ్ కన్నీళ్లు పెట్టుకున్నాడు, పావులను మళ్లీ తొలి గళ్లలో పేర్చాడు. యోధునికి ఆ వీలేదీ? 1757లో బొబ్బిలి కోటలో కూలినవారిని ఎవరు తిరిగి నిలబెట్టగలరు?

పత్రికలవారికి ‘రణం’ అన్న శీర్షిక సులువు, అది వేరే సంగతి. మన అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేది. పృచ్ఛకుల నడుమ ఎత్తులన్నిటినీ ధారణలో నిలుపుకొనే అవధాని ఈ ఆటగాడికి యోధునికంటె దగ్గరి చుట్టం. కోనేరు హంపిని వీరనారి అనేవారు ఆ మాటనెందుకు ఎత్తరో తెలియదు.