జ్వర లక్షణములు – యంత్రపు లెక్క

వానకాలములో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో జ్వరముతో వచ్చిన మనిషిని చూచి, అది డెంగ్యూయో, మలేరియాయో, టైఫాయిడో వెంటనే చెప్పుట కష్టము. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, నీరసము అన్నిటికీ సామాన్యములే. ఏ లక్షణములు జతపడినచో ఏ వ్యాధియో యంత్రమునకు నేర్పవచ్చునా? మెషిన్ లెర్నింగ్ అనునది ఇట్టి పనియే. ఈ దారిలో పేరుపొందిన పరిశోధన ఒకటి 2020 మే నెలలో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో వెలువడినది. దాని మంచిచెడ్డలు తెలిసికొనదగినవి.

లండనులోని కింగ్స్ కాలేజి శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 26 లక్షలమందికి పైగా జనుల ఆరోగ్య వివరములను ఫోను ద్వారా సేకరించిరి. వీరిలో కోవిడ్ పరీక్ష జరిగినవారు 18,401 మంది. వ్యాధి ఉన్నదని తేలినవారిలో నూటికి 65 మంది వాసన, రుచి కోల్పోయిరి. లేదని తేలినవారిలో ఇట్టివారు 22 మందే. కావున ఈ లక్షణమునకు ఎక్కువ తూకము, దగ్గు, నీరసము, భోజనము మానుట అనువానికి తక్కువ తూకము ఇచ్చి, వయస్సును, స్త్రీపురుష భేదమును కూడ కలిపి ఒక సూత్రము కట్టిరి. వాసన పోవుటను అంకెలతో రుజువు చేయుట ఈ పరిశోధన గొప్పతనము. 2020 మే 18న బ్రిటన్ ప్రభుత్వము దీనిని కోవిడ్ లక్షణములలో చేర్చినది.

ఐతే వ్యాధిగల నూరుమందిలో సుమారు 35 మందిని ఆ సూత్రము పట్టలేకపోయినది. పైగా అది నేర్చిన పాఠము పరీక్ష జరిగిన కొద్దిమందిది. దానిని పరీక్ష జరుగని 8,05,753 మందికి వర్తింపజేసి, 1,40,312 మందికి వ్యాధి ఉండవచ్చుననుట, ముందు బల్లల వారి మార్కులు చూచి బడినంతను అంచనా కట్టుట వంటిది.

వ్యాధి కూడ మారుచుండును. టీకా వేసికొన్నవారిలో వాసన కోల్పోయినవారు డెల్టా కాలమున నూటికి 53 మంది కాగా, ఒమిక్రాన్ కాలమున 17 మందే అని కింగ్స్ కాలేజి బృందమే 2022లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించినది. 2022 జనవరిలో, ఒమిక్రాన్ వ్యాపించిన రోజులలో, తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే జరిగినది. పాత సూత్రమును ఆనాడు కోదాడ వీధులలో వాడియుండినచో చాలమంది రోగులు లెక్కకు రాకపోయెడివారు. అట్టి సర్వేలలో లక్షణములు వ్రాసికొని మందుల కిట్లు ఇచ్చిరి. మంచి పనియే. కాని పరీక్ష ఫలితము జతపడని లక్షణములు యంత్రమునకు జవాబు లేని ప్రశ్నల వంటివి.

కావున మన ఆరోగ్య కేంద్రములలో జ్వరము వచ్చిన తేదీ, ఊరు, లక్షణములు, రక్తపరీక్ష ఫలితము ఒకేచోట వ్రాయబడుట మొదటి అవసరము. అప్పుడు ఎవరికి ముందుగా పరీక్ష చేయవలెనో యంత్రము సూచింపగలదు. పరీక్షయే అక్కరలేదని మాత్రము చెప్పజాలదు.