తుపాకి తన్ను: లెక్కలో విడిచిన వాయువు

హైస్కూలులో భౌతికశాస్త్రము చదివిన ప్రతివారికిని తుపాకి లెక్క తెలియును. 4 కిలోగ్రాముల రైఫిలునుండి 50 గ్రాముల గుండు సెకనుకు 35 మీటర్ల వేగముతో వెడలినది; రైఫిలు ఎంత వేగముతో వెనుకకు తన్నును? గుండు ద్రవ్యవేగమును రైఫిలు ద్రవ్యరాశిచే భాగించినచో సెకనుకు 0.44 మీటరు వచ్చును. మార్కులు పడును, పాఠము ముగియును. అంకెలు అక్కడక్కడ మారుచుండునుగాని ఈ లెక్క మన తరగతిగదులలో ఏండ్ల తరబడి తిరుగుచునే యున్నది. నేనును కొన్ని సంవత్సరములు దీనిని నిశ్చింతగా బోధించితిని.

మొదట అంకెల సంగతి చూతము. సెకనుకు 35 మీటర్లనగా గంటకు 126 కిలోమీటర్లు. క్రికెట్టులో మంచి ఫాస్టు బౌలరు వేయు బంతి ఇంతకంటె వేగముగా పోవును. నిజమైన సైనిక రైఫిలు గుండు బరువు సుమారు 10 గ్రాములు, వేగము సెకనుకు 800 మీటర్లకు అటునిటు. దాని చలనశక్తి 3,200 జౌళ్లు; పుస్తకములోని గుండుకు 31 జౌళ్లే. నూరు రెట్లు తేడా యున్నను పిల్లవాడు సందేహింపడు, ఏలనన మనము సందేహింపుమని ఎన్నడును చెప్పలేదు.

అయినను ఇది చిన్న దోషము. పెద్ద దోషమును నాకు చూపినవాడు మా తరగతిలోని ఒక ఎన్.సి.సి. కేడెట్టు. అతడు లేచి, "సార్, గుండు ద్రవ్యవేగాన్ని బట్టే తన్ను ఉంటుందన్నారు గదండీ. కొన్ని రైఫిళ్లకు గొట్టం చివర మజిల్ బ్రేకు బిగిస్తారు. అది గుండును తాకదు. గుండు బరువూ మారదు, వేగమూ మారదు. మరి తన్ను ఎట్లా తగ్గుతుందండీ?" అని అడిగినాడు. "ఆ బ్రేకు తన్నును పీల్చుకొనును" అని చెప్పి కూర్చుండబెట్టితిని. కూర్చున్నాడుగాని అతని ముఖములో తృప్తి కానరాలేదు. ఉండవలసిన పనియు లేదు. ద్రవ్యవేగము దూదిలో నీరువలె పీల్చబడునది కాదు; ఒక వస్తువు పోగొట్టుకొన్నంత మరియొకటి పొందవలసినదే. పుస్తకములోని లెక్కయే నిజమైనచో మజిల్ బ్రేకు అను వస్తువు లోకములో ఉండుటకే వీలులేదు. ఉన్నది గనుక లెక్కయే తప్పు.

తప్పు ఎక్కడ? లెక్కలో తుపాకి మందు లేదు. 10 గ్రాముల గుండును త్రోయుటకు సుమారు 3 గ్రాముల మందు కావలెను. అది మండి మాయమైపోదు. 3 గ్రాముల వాయువగును. గుండు గొట్టపు మూతి దాటు క్షణమున దాని వెనుక ఈ వాయువు వందలకొలది వాతావరణముల పీడనముతో నిలిచియుండి, దారి తెరచుకొనగనే గుండుకంటె వేగముగా వెలికి దుముకును. శక్తిగల రైఫిళ్లకు ఈ వాయువు సగటు వేగమును గుండు వేగమునకు 1.75 రెట్లుగా అమెరికా ఆయుధ పరిశ్రమవారి ప్రమాణసూత్రము గ్రహించుచున్నది. ఇపుడు లెక్క వేయుదము. గుండు ద్రవ్యవేగము 8 ప్రమాణములు. వాయువు వేగము 1,400 మీటర్లు, ద్రవ్యవేగము 4.2. మొత్తము 12.2. రైఫిలు 4 కిలోగ్రాములైనచో తన్ను వేగము పుస్తకము చెప్పు 2 మీటర్లు కాదు, 3.05 మీటర్లు. శక్తిని చూచినచో తేడా ఇంకను ఎక్కువ: 8 జౌళ్లకు బదులు 18.6 జౌళ్లు. భుజముపై పడు దెబ్బలో సగముకంటె ఎక్కువ భాగమును పుస్తకము విడిచిపెట్టినదన్నమాట!

మజిల్ బ్రేకు పని అంతయు ఈ విడిచిన భాగముమీదనే. గొట్టపు మూతికి బిగించిన ఈ చిన్న గొట్టములో ప్రక్కలకు రంధ్రములు, వాని ముందు అడ్డుగోడలు ఉండును. ముందుకు దుముకు వాయువు గోడకు తగిలి ప్రక్కకు తిరుగును. తిరుగుచు గోడను, దానితో తుపాకిని, ముందుకు నెట్టును. బోరుమోటారు గొట్టమునుండి వచ్చు నీటిధారకు పలక అడ్డుపెట్టినపుడు చేయి వెనుకకు పోవుట అందరెరిగినదే. పలకకు బదులు లోతైన గిన్నె పెట్టినచో నీరు వచ్చిన దారినే తిరిగిపోవును, త్రోపు ఇంకను హెచ్చును. దిగు విమానములో జెట్టు వాయువులను ముందుకు మళ్లించి వేగము తగ్గించుట కూడ ఇట్టిదే.

వాయువు ద్రవ్యవేగమంతయు ఒక్కసారిగా తన్నులో చేరదు. గుండు గొట్టములో నుండగనే వాయువు దానితోపాటు సుమారు సగము వేగముతో కదలుచుండును. ఆ వాటా 1.2 ప్రమాణములు ముందే తన్నులో చేరిపోయినది. మిగిలిన 3 గుండు వెడలిన తరువాత చేరును. వాయువు ముందుకు పోక ప్రక్కకు తిరిగినచో ఈ రెండు వాటాలును తన్నునుండి తీసివేయబడును. వెలువడు వాయువునంతయు సరిగా ప్రక్కలకు మళ్లించితిమనుకొన్నచో తన్ను వేగము 2 మీటర్లకు, శక్తి 8 జౌళ్లకు దిగును. అయితే గుండు పోవుటకు నడుమ రంధ్రము విడువవలెను గనుక కొంత వాయువు తిన్నగనే పోవును. రంధ్రములను వెనుకకు వాల్చినచో ఈ నష్టము పూడి, పైన కొంత లాభము కూడ రావచ్చును.

మన పాఠకులలో రైఫిలు కొనువారు అరుదు. అయినను బ్రేకును ఎన్నుకొనుట మంచి భౌతికశాస్త్ర ప్రశ్న గనుక ప్రకటనలను కొంచెము పరీక్షింతము. వానిలో "తన్ను ఇంత శాతము తగ్గును" అని యుండునుగాని దేనిలో శాతమో తరచుగా ఉండదు. పై లెక్కనే తీసికొనుడు. ద్రవ్యవేగము తగ్గినది 34 శాతము. శక్తి తగ్గినది 57 శాతము. రెండును నిజమే. అమ్మువాడు ఏది అచ్చువేయునో చెప్పనక్కరలేదు.

ఏ తుపాకికి అన్నది మొదటి ప్రశ్న. కేడెట్లు కాల్చు .22 రైఫిలులో గుండు 2.6 గ్రాములు, మందు ఇంచుమించు గ్రాములో పదవవంతు. మళ్లించుటకు వాయువే లేనప్పుడు బ్రేకు అలంకారము మాత్రమే. 12.7 మిల్లీమీటర్ల పెద్ద రైఫిలులో మందు గుండు బరువులో మూడవవంతు ఉండును. అక్కడ బ్రేకు లేక కాల్చుట దుస్సాధ్యము. తిరుచిరాపల్లి కర్మాగారములో తయారైన విధ్వంసక్ రైఫిలు మూతిన అంత పెద్ద బ్రేకు అందుకే. తుపాకి మడమ భుజమున ఆనుచోటు గొట్టపు రేఖకు దిగువన ఉండుటచే మూతి పైకెగయును. దీనికి పైవైపు రంధ్రములు పనికివచ్చును. 1959లో వచ్చిన ఎ.కె.ఎం. రైఫిలు మూతిన ఏటవాలుగా కోసిన చిన్న తొడుగు ఇట్టిదే. క్రిందివైపు రంధ్రములు మాత్రము పెట్టరాదు. పడుకొని కాల్చువాని కంటిలో దుమ్ము కొట్టును.

ప్రకటనలు మ్రింగివేయు మాట మరియొకటి కలదు. ప్రక్కకు, వెనుకకు మళ్లిన వాయువుతో శబ్దమును మళ్లును. రైఫిలు ప్రేలుడు మామూలుగనే 150 డెసిబెల్సు దాటును. చెవికి అపాయపు హద్దుగా చెప్పబడునది 140. బ్రేకు బిగించిన కాల్చువాని చెవికిని, ప్రక్కన నిలిచిన వాని చెవికిని దెబ్బ హెచ్చును. భుజము నొప్పి రెండు దినములలో పోవును. పోయిన వినికిడి తిరిగి రాదు. నన్నడిగినచో మంచి బ్రేకుకంటె ముందు మంచి చెవితొడుగు కొనవలెననియే చెప్పుదును.

వాయువును ఇంకను ఎక్కువగా, తిన్నగా వెనుకకే విడిచినచో ఏమగును? తన్ను సున్నయగును. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ వద్ద హవల్దారు అబ్దుల్ హమీద్ జీపుపైనుండి పాటన్ టాంకులపై ప్రయోగించిన 106 మిల్లీమీటర్ల తుపాకి ఇట్టిదే. అంత పెద్ద గుండును విడిచియు అది తేలికపాటి జీపును తలక్రిందులు చేయలేదు. కాని దాని వెనుక నిలిచినవానికి ప్రాణాపాయము. ద్రవ్యవేగము మాయమగుట లేదు గదా.

కేడెట్టుకు మరునాడు క్షమాపణ చెప్పుకొని, తరగతిలో ఒక ప్రయోగము చేసితిమి. ఆటబండికి బెలూను కట్టి, దాని మూతికి వంచుటకు వీలైన ప్లాస్టిక్ గొట్టము బిగింపవలెను. గొట్టము తిన్నగా ఉన్నపుడు బండి గాలి పోవు దిక్కునకు ఎదురుగా పరుగెత్తును. లంబముగా ప్రక్కకు వంచినచో ముందుకు గాని వెనుకకు గాని పోదు. ఇంకను వెనుకకు వంచినచో పరుగు దిశ మారును. మొదటి రోజున మా బండి దేనికిని కదలలేదు; గొట్టము వంపువద్ద పగిలి గాలి అన్ని వైపులకు పోవుచుండెను. రెండవనాడు కేడెట్టే సైకిలు వాల్వుట్యూబు ముక్క తెచ్చి అతికించినాడు.